దాలయ్యని ఎక్కడికని అడగకూడదు

దాలయ్యని ఏ ప్రశ్నైనా అడగొచ్చు. వయసెంతని అడగొచ్చు, ఆ పూటకి ఏది తోస్తే అది చెబుతాడు. పెళ్లానికి భయపడతావా అని అడగొచ్చు, భయపడతానని గర్వంగానే చెబుతాడు. కాని "ఎక్కడ", "ఎక్కడికి" అనే రెండు మాటలు మాత్రం ఆయన దగ్గర పలకకూడదు. పలికినవాడు ఎంతటివాడైనా, అడిగింది ఎంత చిన్న సంగతైనా, దాలయ్య నోట్లోంచి ఒక ఊరి పేరుగాని, ఒక దిక్కుగాని, ఒక మూల పేరుగాని రాదు.

బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగడం మనలో ఎవరికీ గిట్టదు. "దూరమా?" అనడం మర్యాద. సముద్రం మీదికి వేటకెళ్లేవాళ్లకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. అయితే అందరికీ ఆ పట్టింపు గుమ్మం దాటేదాకా ఉంటుంది, దాలయ్యకి ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. అదీ తేడా.

కళింగపట్నానికి ఎగువన, ఒడ్డునే ఉన్న నూకలవానిపేట ఆయన ఊరు. కోటబొమ్మాళిలో పని పడితే ఇసకలో నడుచుకుంటూ రోడ్డుమీదికొచ్చి, శ్రీకాకుళం నుంచి టెక్కలి పోయే బస్సెక్కేవాడు. మొదటిసారి కండక్టరు మామూలుగానే అడిగాడు.

"ఎక్కడికి?"

"ఎదరకి."

"ఎదరకంటే ఏ ఊరు?"

"బస్సు ఎదరకే కదా ఎల్తాది? నానూ అటే."

కండక్టరు పది నిమిషాలు ప్రాధేయపడి, చివరికి టెక్కలి టిక్కెట్టు చింపి చేతిలో పెట్టాడు. దాలయ్య అది మడిచి చెవిలో పెట్టుకుని, కోటబొమ్మాళిలో దర్జాగా దిగిపోయాడు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. దిగని ఊరికి దాలయ్య ఎన్ని టిక్కెట్లు కొన్నాడోనని బస్సువాళ్లు తలుచుకు తలుచుకు నవ్వుకునేవారు.

ఒకసారి నొప్పితో ఆస్పత్రికి వెళ్తే కాంపౌండరు అడగకూడని మాటే అడిగాడు. "ఎక్కడ నొప్పి?"

"నొప్పున్న కాడే."

"అదెక్కడయ్యా?"

"నా వంట్లోనే. పరాయోడిది కాదు."

కాంపౌండరు చేసేదిలేక నడినెత్తి నుంచి నొక్కుకుంటూ దిగాడు. మోకాలి దగ్గరికొచ్చేసరికి దాలయ్య "ఓలమ్మో" అన్నాడు. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అరవై ఏడు ఎలక్షన్లలో ఓటెక్కడేశావని పార్టీవాళ్లు చుట్టూ మూగితే "పెట్టెలో" అని చెప్పి, రెండు పార్టీల జీపులోనూ ఎక్కి తిరిగిన మనిషి ఆయనే.

ఊళ్లోవాళ్లకి ఈ జబ్బు అంటుకుంది. దాలయ్య చెవిన పడుతుందేమోనన్న భయానికి ఎవరూ ఎవర్నీ ఎక్కడికని అడిగేవారు కాదు. అడగడమే మర్చిపోయారు. పొద్దున్నే తెప్పలు ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి, ఎటు బడితే అటు బయల్దేరి, ఒడ్డు కనపడనంత దూరం పోయాక అసలు దారి పట్టేవి. నూకలవానిపేట వాళ్లకి దిక్కులు తెలీవని పక్క ఊళ్లవాళ్లు వేళాకోళం చేసేవారు.

సరిగ్గా ఇలాంటి ఊరికి, "ఎక్కడ" అనే ఒక్క మాట కోసమే నరసింగరావు వచ్చాడు. అతని అదృష్టం అలాంటిది.

నరసింగరావుది విజయనగరం. భూగర్భం సంగతులు పరిశోధించే ఒక ఆఫీసులో కొత్తగా చేరాడు. సంక్రాంతి వెళ్లాక ఆఫీసువాళ్లు లాంచీలో ఈ తీరం వెంబడి తిరిగారు. మిగతా వాళ్లంతా పనిముట్లలోకి చూస్తుంటే నరసింగరావు ఒక్కడూ కళ్లు తిరిగి, లాంచీ అంచుమీద వేలాడుతూ నీళ్లలోకి చూశాడు. కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకుంటుంటే కింద నుంచి బుడగలు వరసగా పైకి రావడం కనిపించింది. నోరు తుడుచుకుని అరిచేలోపు లాంచీ ముందుకు పోయింది.

బుడగలు చూశానని కాగితం రాశాడు. పై ఆఫీసరు జగన్నాధంగారు అది చదివి కళ్లజోడు తీశారు.

"ఆ టైములో నువ్వేం చేస్తున్నావయ్యా?"

"వాంతి చేసుకుంటున్నాను సార్."

"అయితే ఆ బుడగలు సముద్రం అడుగునుంచి కాదు, నీ అడుగునుంచి వచ్చుంటాయి."

ఆఫీసంతా వారం రోజులు నవ్వింది. ఆఖరికి ఆయనే ఒక గడువిచ్చారు. "వచ్చే సోమవారం లాంచీ ఆ పక్కకొస్తోంది. ఆ గాలి సీసాలో పట్టి చూపించు, ఆ చోటు పటం మీద పెట్టు. లేదంటే మంగళవారం నుంచి రాళ్ల గదిలో రాళ్లకి నెంబర్లు వేసుకో." ఆ గదికి కిటికీ లేదు. అంతకుముందు అందులో పనిచేసినాయన రాళ్లని పేరుపేరునా పలకరించే స్థితికి వచ్చి పెన్షన్ పుచ్చుకున్నాడు. నరసింగరావుకి ఇరవై ఆరేళ్లు. రాళ్లంటే ఇష్టమే కాని మాట్లాడేంత ఇష్టం లేదు.

గడువుకి ఆరు రోజుల ముందు, మంగళవారం, నూకలవానిపేటలో దిగి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషి కనిపిస్తే తిన్నగా వెళ్లి అడిగేశాడు.

"పెద్దాయనా, ఈ సముద్రంలో బుడగలొచ్చే చోటు ఎక్కడుంది?"

చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లు చేతులాపేశారు. ఒకడు తెడ్డు జారవిడిచాడు. దాలయ్య భార్య కూర్మమ్మ పరుగున వచ్చి నరసింగరావు చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నీకు దండమెడతాను. ఆ మాట తప్ప ఏటైనా అడుగు."

దాలయ్య వలలోంచి తల ఎత్తి, "బుడగలా? నీలల్లోనే ఉంటాయి" అని మళ్లీ తల దించుకున్నాడు.

కూర్మమ్మ జాలిపడి వాళ్ల అరుగు మీదే చోటిచ్చింది. బుధవారమంతా నరసింగరావు "ఎక్కడ" అన్న మాట రాకుండా అడగడానికి తంటాలు పడ్డాడు.

"వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

"సేరేదాకా పడతాది."

"అక్కడ్నుంచి ఏ కొండ కనిపిస్తుంది?"

"కల్లున్నోడికి అన్నీ అగుపిస్తాయి."

ఇక లాభం లేదని అసలు సంగతి చెప్పుకొచ్చాడు. సముద్రం అడుగున రాయి మీద రాయి మైళ్ల లోతున ఉంటుంది. అక్కడికి మనిషి పోలేడు. ఆ రాళ్ల మధ్య ఎప్పటిదో గాలి చిక్కుకుని, రాయి పగిలిన చోట సందు చూసుకుని పైకొస్తుంది. బుడగ వచ్చిందంటే కింద పగులున్నట్టు. ఆ గాలిలో ఏముందో చూస్తే, పైపైన బురద కుళ్లి పుట్టిందో, లోతునుంచి వచ్చిందో, లోతున ఏ తరహా రాయి ఉందో ఊహించొచ్చు.

కూర్మమ్మ అప్పుడు అడ్డపొగ వేసుకుంటోంది. నిప్పున్న కొస నోట్లో ఉంది. చుట్ట బయటికి తీసి చెప్పింది.

"ఇదీ అంతే కదేటి? నిప్పు నా నోట్లో ఉన్నాది, నీకు అగుపడదు. పొగ బయటికొస్తాది. ఆ వాసన బట్టి పొగాకు ఏ ఊరిదో నాను సెప్పీగలను."

నరసింగరావు గబగబా నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. నాలుగేళ్ల కాలేజీలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

తర్వాత రాళ్ల గది సంగతి కూడా చెప్పాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావా? రాలతో మాటాడుకోవాలట పాపం. నీ నోరు పెగలకపోతే పోనీ, సెయ్యి పట్టుకుని తీసికెల్లకూడదేటి?"

దాలయ్య చేతిలో ఉన్న వల ముడి విప్పి పక్కన పెట్టాడు. "రేపు లచ్చివారం. తీసికెల్తాను. కల్లకి తువ్వాలు కడతాను. ఆడకెల్లాక తాటాకు టోపీ ముక్కుదాకా దించుతాను. నీలు సూడు, కొండల గురుతులు సూడకు."

"సరే."

"ఆ సేతిలోది ఏటి?"

"దిక్సూచి."

"అది ఎక్కడో సెప్పీస్తాదా?"

"చెప్పదు. ఎటో మాత్రం చెబుతుంది."

దాలయ్య దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. "ఎటో సెప్తే పర్లేదు. ఎక్కడో సెప్పకూడదు. అట్టుకో."

గురువారం పొద్దున్నే గంతలు కట్టించుకుని ప్రభుత్వోద్యోగి నావెక్కాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పాక తువ్వాలు విప్పారు. టోపీ అంచు కింద నుంచి కనిపించింది పచ్చటి నీళ్లు మాత్రమే. ఆ నీళ్లలో బుడగలు, కుప్పగా కాదు, రవికకి కుట్టు వేసినట్టు వరసగా వస్తున్నాయి. నరసింగరావుకి కళ్లనీళ్లొచ్చాయి. ఈసారి వాంతి రాలేదు.

"ఇది పారు" అన్నాడు దాలయ్య. నీళ్లడుగున ఉన్న రాళ్ల గుట్టని వేటవాళ్లు అలాగంటారు. "బుడగలున్న కాడ రాయి పెరుగుతాది. రాయికి గుల్లలు అంటుకుంటాయి. గుల్లల కోసం సిన్న సేపలొస్తాయి, సిన్నాటి కోసం వంజరాలొస్తాయి. మా తాత సూపించాడు నాకు."

పుస్తకం చదవని మనిషి ఇంత చెబుతుంటే నరసింగరావు నోరు తెరుచుకుని విన్నాడు. ఆ వరస ఎటు పోతోందో దిక్సూచితో చూశాడు. ఆగ్నేయానికి, తిన్నగా లోతు సముద్రంలోకి పోతోంది. సీసాని నీళ్లతో నింపి, గాజు గరాటు పెట్టి, బుడగల మీద తలకిందులుగా ముంచి పట్టుకున్నాడు. బుడగలు లోపలికెక్కి నీళ్లని తోసేశాయి. నీళ్లలోనే బిరడా బిగించాడు. ఒడ్డుకొచ్చి సీసా అరుగు మీద పెట్టి, స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి సీసా తళతళలాడుతోంది. నిండా కొబ్బరినూనె ఉంది.

"ఖాళీ సీసా నీసు కంపు కొడతన్నాదని కడిగెట్టాను బాబూ" అంది కూర్మమ్మ సంతోషంగా.

సంగతి తెలిశాక ఆవిడ లబలబలాడింది. నరసింగరావు దాలయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. "రేపు ఇంకొక్కసారి."

"రేపు కుదరదు. రేపు నాది కాదు."

"మీది కాకపోవడమేమిటి? సముద్రం ఎవరిదైనా..."

"నాది కాదంటే కాదు" అని దాలయ్య వలలో దూరిపోయాడు.

నూనె కథ పొద్దుగూకకముందే ఊరంతా పాకింది. పోతురాజని, నడివయసు మనిషి, పెరటివైపు నుంచి పిల్లిలా వచ్చాడు. "బాబూ, రేపు నాను తీసికెల్తాను. దాలయ్య మావకి తెలిస్తే నన్ను బతకనివ్వడు. తువ్వాలు మాత్రం కట్టాలి."

శుక్రవారం మళ్లీ గంతలు. తిరగని తిరుగుడు తిరిగి విప్పేసరికి అదే పచ్చటి నీళ్లు, అదే కుట్టువరస.

"ఇది దాలయ్య పారు కదా!" అన్నాడు నరసింగరావు.

పోతురాజు చుట్టూ చూశాడు. చుట్టూ సముద్రం తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు. "తుపానుకి నా తెప్ప పోయిన యేడు సెప్పాడు. పెమాణం సేయించుకున్నాడు. ఊరందరిలో నాకొక్కడికే సెప్పాడు బాబూ. సుక్కురవారం నాది."

సీసా నిండింది. అయితే ఒడ్డున జనం మూగి, "ఖాళీ సీసా కోసం ఇంత గోలేటి?" అని నవ్వేసరికి నరసింగరావుకి పౌరుషం వచ్చింది. బిరడా తీసి అగ్గిపుల్ల గీశాడు. సీసా మూతి మీద నీలంగా మంట లేచింది. "ఓలమ్మో, నీలల్లో నిప్పు!" అని ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. నరసింగరావు కూడా కొట్టాడు. మంట ఆరాక సీసాలోకి చూసి, చప్పట్లు ఆపేశాడు.

ఆ సాయంత్రం కుంటి ఎల్లాజీ వచ్చాడు. "దాలయ్య మావకి తెలీకూడదు" అన్నాడు. తువ్వాలు తనే తెచ్చుకున్నాడు.

శనివారం తువ్వాలు విప్పకముందే నరసింగరావు, "ఈ రోజు నీది. దాలయ్య నీకొక్కడికే చెప్పాడు. అవునా?" అన్నాడు.

ఎల్లాజీ తెడ్డు పారేసుకోబోయాడు. "నీకెలా తెలుసు బాబూ? కాలు ఇరిగి మంచమ్మీదున్నప్పుడు సెప్పాడు. నా పెల్లానికి కూడా తెలీదు."

ఈసారి మూడు సీసాలు పట్టి, నావలోనే మైనం కరిగించి మూతులు మూసేశాడు. ఒడ్డుకొచ్చాక వాటిని చంకలో పెట్టుకునే అన్నం తిన్నాడు. కూర్మమ్మ తప్పు తెలిసినదై, ఆ సీసాలకి గజం దూరంలోంచే వడ్డించింది.

ఆదివారం ఆవిణ్ణి అడిగాడు. "అత్తా, ఈ పారు ఎంతమందికి తెలుసు?"

కూర్మమ్మ నోట్లో చుట్ట తీసి పకపకా నవ్వింది. "ఆరుగురికి. ముసిలోడు తప్ప మిగతా అయిదుగురూ తమకొక్కడికే సెప్పాడనుకుంటారు. నా మొగుడు నాకూ సెప్పలేదు. కానీ నాను సేపలమ్మేదాన్ని. సోమారం గురమ్మ బుట్టలో వంజరం ఉంటాది, ఆవిడ మొగుడు పోయాక కొడుకు గంగులు ఒంటరిగా ఏటకెల్తన్నాడు. మంగలారం దాని పక్కింట్లో, బుదారం ఆ ఎదురింట్లో. ఏ బుట్టలో ఏ రోజు పెద్ద సేప ఉంటాదో ఊల్లో ఆడోల్లందరికీ తెలుసు. మగోల్లకే తెలీదు."

"మరి ఈ దాపరికమంతా ఎందుకు?"

"ఒకడు పెడితే తింటన్నానని నలుగురికీ తెలిస్తే సిన్నతనం కదా బాబూ. ఎక్కడ పట్టావని అడిగితే ఆలు ఏటి సెప్తారు? అందుకే ఆ ముసిలోడు ఊల్లో అడగడమే లేకుండా సేసేశాడు. ఆలంతా ఒకేనాడు ఎల్తే సేప మిగలదు, రోజుకొకడు ఎల్తే ఎప్పుడూ ఉంటాది. ఆదారం పారుకి సెలవ."

నరసింగరావు ఈ వారంలో ఆ అరుగు మీద విన్నవన్నీ గుర్తుచేసుకున్నాడు. బస్సులో టెక్కలి టిక్కెట్టు, కాంపౌండరు నొక్కుడు, జీపు షికార్లు, ఇరవయ్యేళ్లుగా జనం చెప్పుకు నవ్విన కథలన్నీ ఈ అయిదు ఇళ్ల కోసమా? దాలయ్య మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేం.

సోమవారం లాంచీ వచ్చింది. జగన్నాధంగారు ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని ఒడ్డుకి దిగారు. మైనం వేసిన సీసాలు రెండు పుచ్చుకుని, మూడోది వెలిగించి చూశారు. నీలపు మంట చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"శభాష్. నీ అడుగునుంచి కాదన్నమాట." పటం ఇసకమీద పరిచి పెన్సిలందించారు. "ఇక్కడో చుక్క పెట్టు. ఎక్కడ?"

పోతురాజు కాలిబొటనవేలు చూసుకుంటున్నాడు. ఎల్లాజీ తెప్ప చాటుకి తప్పుకున్నాడు. గురమ్మ కొడుకు గంగులు ఆ రోజు తన వంతైనా వేటకి పోకుండా నిలబడిపోయాడు. వాళ్లలో ప్రతివాడూ తన రహస్యమే పోతోందని వణుకుతున్నాడు. దాలయ్య ఆకాశంలోకి చూస్తున్నాడు.

గంతలు కట్టినా నరసింగరావు మూడుసార్లు వెళ్లినవాడు. ఎండ ఏ చెంప మీద పడిందో, ఎంతసేపు పట్టిందో లెక్కేసుకుంటే చుక్క పెట్టగలడు.

"ఈ పటం ఏం చేస్తారు సార్?"

"అచ్చువేస్తాం. కావలసినవాళ్లంతా చూస్తారు. వైజాగులో కొత్త మరబోట్లవాళ్లు కూడా అడుగుతున్నారు, అడుగున రాళ్లెక్కడున్నాయని. చేపలు అక్కడే ఉంటాయట."

నరసింగరావుకి కిటికీ లేని గది కళ్లముందు కదిలింది.

"ఎక్కడ?" అన్నారు జగన్నాధంగారు మళ్లీ.

"ఎదర సార్."

"ఎదరంటే?"

"సముద్రంలోనే సార్."

ఒడ్డున ఎవరో కిసుక్కుమన్నారు. జగన్నాధంగారి ముఖం ఎర్రబడింది. "వేళాకోళమా?"

"కాదు సార్. ఎక్కడో చెప్పలేను, ఎటో చెప్తాను." పెన్సిలు పుచ్చుకుని పటం మీద ఒడ్డున చుక్కా మచ్చా లేకుండా, లోతు నీళ్లలోకి ఆగ్నేయంగా ఒక వెడల్పాటి చార గీశాడు. "కింద పగులు ఈ వాలున పోతోంది. ఒడ్డు దగ్గరిది తోక. మనక్కావలసిన లోతు రాళ్లు అటు ఉన్నాయి. లాంచీని బాగా లోపలికి తీసుకెళ్లి తీరానికి సమాంతరంగా నడపండి. ఈ చారలో ఎక్కడో ఒకచోట పగులు తగలకపోతే నేనే తాళం తీసుకుని రాళ్ల గదిలో కూర్చుంటాను."

జగన్నాధంగారు చారకేసీ, సీసాకేసీ, నరసింగరావుకేసీ మార్చి మార్చి చూశారు. ఆయన కోపిష్టేకాని తెలివితక్కువవాడు కాదు. "చుక్క కంటే గీతే నయమనుకో" అని గొణిగి పటం చుట్టేశారు. "లాంచీ ఎక్కు. ఈసారి అంచు దగ్గరే నిలబడు, నీకక్కడే బాగా కనిపిస్తుంది." ఆ సాయంత్రం లోతు నీళ్లలో పనిముట్ల ముల్లు ఎగిరి పడింది. రాళ్ల గదికి ఇంకెవర్నో వెతుక్కున్నారు.

లాంచీ ఎక్కేముందు దాలయ్య నరసింగరావు దగ్గరికొచ్చాడు. దణ్ణాలూ పొగడ్తలూ ఆయనకి రావు. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడాడు.

"ఆదారం ఎవులిదీ కాదు. నీదే అనుకో. ఎవులికీ సెప్పనని పెమాణం సెయ్యి."

"చెయ్యను మావా" అన్నాడు నరసింగరావు. దాలయ్య ముఖం వాడిపోతే అతనే మళ్లీ అన్నాడు. "చెప్పననే ప్రమాణం నిన్నే చేసుకున్నాను. ఒకే దానికి రెండుసార్లెందుకు?"

ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం నరసింగరావు చంకలో ఖాళీ సంచీతో విజయనగరంలో ఇల్లు కదిలేవాడు. తల్లి సుభద్రమ్మ వెనకనుంచి ఎక్కడికిరా అని అడిగితే "ఎదరకమ్మా" అనేవాడు. ఉద్యోగం చేసి పిల్లాడికి మతిపోయిందని ఆవిడ ఇరుగుపొరుగుతో చెప్పుకుని బాధపడేది.

మొదటిసారి శ్రీకాకుళంలో టెక్కలి బస్సెక్కితే కండక్టరు టిక్కెట్ల కట్టతో వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఎదరకి."

కండక్టరు చెయ్యి టిక్కెట్ల మీదే ఆగిపోయింది. అతన్ని పైనుంచి కిందిదాకా ఎగాదిగా చూశాడు.

"దాలయ్యకి సుట్టానివేటి?"

"అవును" అన్నాడు నరసింగరావు.

కండక్టరు ఇంకో మాట అడక్కుండా టెక్కలి టిక్కెట్టు చింపి ఇచ్చాడు. నరసింగరావు దాన్ని మడిచి చెవిలో పెట్టుకున్నాడు.